భిన్నమైన పదాన్ని గుర్తించడం ఎలా? వర్గీకరణ ప్రశ్నలకు సమగ్ర మార్గదర్శి

పోటీ పరీక్షల రీజనింగ్ విభాగంలో ‘కింది వాటిలో భిన్నమైన దానిని గుర్తించండి’ అన్న వాక్యం కనిపించగానే చాలామంది అభ్యర్థులకు ప్రాణం లేచివస్తుంది. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు సిద్ధమయ్యేవారైనా, దిల్‌సుఖ్‌నగర్‌లో గది తీసుకుని ఎస్సై, కానిస్టేబుల్ పరీక్షలకు చదివేవారైనా, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పొద్దున్నే కుర్చీ దక్కించుకుని రైల్వే పాత ప్రశ్నపత్రాలు తిరగేసేవారైనా ఈ అధ్యాయాన్ని ఒక్క పూటలో ముగించి, మిగిలిన కాలమంతా సీటింగ్ అరేంజ్‌మెంట్‌కూ పజిళ్లకూ కేటాయిస్తారు. తీరా మాక్ టెస్టు రాశాక చూసుకుంటే, పజిల్‌లో మార్కు ఎందుకు పోయిందో తెలుస్తుంది గానీ వర్గీకరణలో ఎందుకు పోయిందో అంతుపట్టదు. తాము గుర్తించిన జవాబు కూడా సరైనదేనని వాదించాలనిపిస్తుంది.

ఆ వాదనలో కొంత నిజం లేకపోలేదు. ఏ నాలుగు పదాలను తీసుకున్నా, వాటిలో ప్రతి పదమూ ఏదో ఒక విధంగా మిగిలిన మూడింటికి భిన్నంగానే ఉంటుంది. మామిడి, అరటి, జామ, సపోటా అన్న నాలుగింటినే చూడండి. మామిడికి ఒకే టెంక ఉంటుంది. అరటికి కలప ఇచ్చే మాను ఉండదు. జామను తొక్కతో సహా కొరుక్కుని తింటాం. సపోటా గింజలు నల్లగా నిగనిగలాడతాయి. ఇలా తేడాల కోసం వెతుకుతూ పోతే నాలుగు ఐచ్ఛికాలకూ నాలుగు సమర్థనలు దొరుకుతాయి. కాబట్టి వెతకవలసింది తేడాను కాదు, పోలికను. ఏ మూడు పదాలు ఒకే సూత్రానికి కట్టుబడి ఉన్నాయో తేలితే, మిగిలిపోయిన పదమే జవాబవుతుంది. ఈ మార్గదర్శిలో చెప్పబోయే దశలన్నీ ఆ సూత్రాన్ని పట్టుకోవడానికీ, పట్టుకున్న సూత్రం సరైనదో కాదో పరీక్షించుకోవడానికీ ఉద్దేశించినవే.

ఇక సమయం సంగతి. ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ జరిపే పరీక్ష) టైర్-1లో, అంటే మొదటి దశలో, 60 నిమిషాల్లో 100 ప్రశ్నలకు జవాబు రాయాలి. వాటిలో 25 రీజనింగ్‌వి. సగటున ఒక్కో ప్రశ్నకు 36 సెకన్లు. ఆర్‌ఆర్‌బీ ఎన్టీపీసీ (రైల్వే ఉద్యోగాల పరీక్ష) మొదటి దశలో 90 నిమిషాలకు 100 ప్రశ్నలు, అంటే ఒక్కో దానికి 54 సెకన్లు. వర్గీకరణ ప్రశ్నను ఇరవై, ఇరవై అయిదు సెకన్లలో ముగించగలిగితేనే పజిళ్లకు ఊపిరి దొరుకుతుంది.

మొదటి దశ: ఏమి అడిగారో చదవండి

ఇది చెప్పవలసిన మాటేనా అనిపించవచ్చు గానీ, వర్గీకరణ ప్రశ్నలన్నీ ఒకే రూపంలో రావు. నాలుగు పదాలిచ్చి భిన్నమైనది అడగడం మొదటి రూపం. మూడు పదాలిచ్చి, వాటి వర్గానికే చెందిన నాలుగో పదాన్ని ఐచ్ఛికాల్లో గుర్తించమనడం రెండోది. ఉదాహరణకు వరి, గోధుమ, జొన్న అని ఇచ్చి, కంది, మొక్కజొన్న, వేరుశనగ, ఆవాలు అన్న ఐచ్ఛికాలిస్తే, ఇచ్చిన మూడూ తృణధాన్యాలు కనుక జవాబు మొక్కజొన్న; కంది పప్పుధాన్యం, మిగిలిన రెండూ నూనెగింజలు. మూడు పదాలకు ఉమ్మడిగా ఉన్న లక్షణాన్నే ఐచ్ఛికాల్లోంచి ఎంచుకోమనడం మూడో రూపం. పదాల జతలిచ్చి, భిన్నమైన సంబంధం గల జతను అడగడం నాలుగోది. అలవాటు కొద్దీ మొదటి రూపమే అనుకుని, రెండో రూపంలో వచ్చిన ప్రశ్నకు ఐచ్ఛికాల్లో ‘వేరుగా ఉన్నది’ గుర్తించి వచ్చేవారు ప్రతి మాక్ టెస్టులోనూ ఉంటారు.

రెండో దశ: ప్రతి పదానికీ ఒక ఇంటిపేరు పెట్టండి

నాలుగు ఐచ్ఛికాలనూ పూర్తిగా చదవక ముందే జవాబు మీద వేలు పెట్టకూడదు. ఒక్కో పదాన్నీ చదువుతూ, అది ఏ కుటుంబానికి చెందిందో మనసులో ఒక్క మాటలో అనుకోవాలి. బారోమీటర్, థర్మామీటర్, కిలోమీటర్, హైగ్రోమీటర్ అన్నవి ఇస్తే, ‘పరికరం, పరికరం, ప్రమాణం, పరికరం’ అని అనుకునేసరికే ప్రశ్న తేలిపోతుంది. నాలుగింటి చివరా ‘మీటర్’ ఉండడం కళ్లను మోసగిస్తుంది. ఇంటిపేరు పెట్టే అలవాటు ఉన్నవారిని మోసగించలేదు.

నాలుగు పదాలకూ ఒకే ఇంటిపేరు వస్తే, ఆ పేరు ఈ ప్రశ్నకు మరీ విశాలమైనదని అర్థం. అప్పుడు ఒక మెట్టు కిందికి దిగాలి. న్యూటన్, జౌల్, పాస్కల్, ఆంపియర్ అన్న నాలుగూ ప్రమాణాలే. నాలుగూ శాస్త్రవేత్తల పేర్ల మీదుగా వచ్చినవే. ఈ రెండు పేర్లూ పనికిరావు. ఒక మెట్టు దిగి ఏది దేన్ని కొలుస్తుందో చూస్తే బలం, శక్తి, పీడనం, విద్యుత్ ప్రవాహం అని నాలుగు వేర్వేరు రాశులు వస్తాయి. నాలుగూ వేర్వేరైతే అదీ పనికిరాదు. ఇంకో మెట్టు దిగి ఆ ప్రమాణాల స్థాయిని చూడాలి. అంతర్జాతీయ ప్రమాణాల పద్ధతిలో ఆంపియర్ ప్రాథమిక ప్రమాణం, మిగిలిన మూడూ ఉత్పన్న ప్రమాణాలు. మూడూ ఒకటీగా చీలిన చోటే ఆగాలి.

మరీ కిందికి దిగిపోవడం కూడా ప్రమాదమే. అయిదారు మెట్లు దిగిన తర్వాత దొరికే సూత్రం సాధారణంగా ప్రశ్న తయారుచేసినవారి మనసులో ఉన్నది కాదు. పదో తరగతి వరకు సైన్సు, సాంఘికశాస్త్రం చదివినవారికి అందే లోతులోనే ఎక్కువ ప్రశ్నలు ఉంటాయి.

మూడో దశ: సూత్రాన్ని ఒక పూర్తి వాక్యంగా చెప్పుకోండి

‘ఈ మూడూ...’ అని మొదలుపెట్టి వాక్యాన్ని పూర్తిచేయండి. ఆ వాక్యం ‘కావు’, ‘లేవు’, ‘ఉండవు’ అన్న మాటలతో ముగిస్తే అనుమానించండి. ‘ఈ మూడూ గ్రహాలు’ అన్నది గట్టి సూత్రం. ‘ఈ మూడూ ఎర్రగా ఉండవు’ అన్నది బలహీనమైనది, ఎందుకంటే ఎర్రగా ఉండనివి లోకంలో కోటానుకోట్లు ఉన్నాయి, వాటన్నిటినీ ఒక వర్గమని ఎవరూ అనరు.

నగరవాసులకు పరిచయమైన పేర్లతోనే ఒక ప్రశ్న చూద్దాం: హుస్సేన్‌సాగర్, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్, నాగార్జునసాగర్. చరిత్ర బాగా చదివినవారికి ముందుగా 1908 నాటి మూసీ వరద గుర్తుకొస్తుంది. ఆ వరద తర్వాత నగరాన్ని కాపాడడానికి మూసీ మీద ఉస్మాన్‌సాగర్‌ను, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్‌ను నిర్మించారు. కానీ ఈ సూత్రం రెండింటికే వర్తిస్తుంది. హుస్సేన్‌సాగర్ అంతకు చాలా ముందు, 16వ శతాబ్దంలో కుతుబ్‌షాహీల కాలంలో తవ్వించినది. రెండింటితో ఆగిపోయిన సూత్రాన్ని, అది ఎంత ఆసక్తికరమైనదైనా, వదిలేయాలి. ‘ఈ జలాశయాల నీరు కృష్ణా పరీవాహక ప్రాంతానికి చెందినది’ అంటే, మూసీ కూడా చివరికి కృష్ణలోనే కలుస్తుంది కాబట్టి నాలుగూ అందులో పడతాయి, అదీ చెల్లదు. ‘ఈ మూడూ హైదరాబాద్ నగరంలోనో దాని అంచుల్లోనో, మూసీ పరీవాహకంలో ఉన్న జలాశయాలు’ అన్న వాక్యం మూడింటికి సరిపోతుంది, నాలుగో దానికి సరిపోదు. జవాబు నాగార్జునసాగర్. ఎక్కువ తెలిసినవారే ఇక్కడ ఎక్కువసేపు ఆగిపోతారని గమనించండి. తెలిసిన విషయమల్లా ఈ ప్రశ్నకు అవసరమై ఉండనక్కరలేదు.

నాలుగో దశ: సూత్రాన్ని నాలుగో పదం మీద పరీక్షించండి

మూడు పదాలకు సూత్రం కుదిరిందన్న సంతోషంలో, అది నాలుగో పదానికి కూడా కుదురుతుందేమో చూడడం మరిచిపోతారు. వాక్యాన్ని నాలుగో పదంతో ఒకసారి అనుకుని చూడడానికి రెండు సెకన్లు చాలు. కుదిరితే సూత్రం చెల్లదు. కుదరకపోతే జవాబు దొరికినట్లే.

ఈ పరీక్షలోనే రెండూ రెండుగా చీలిపోయే ప్రశ్నలు బయటపడతాయి. తెలుగు, కన్నడ, ఒడియా, బెంగాలీ అన్న నాలుగు భాషలను తీసుకోండి. భాషాకుటుంబం ప్రకారం చూస్తే మొదటి రెండూ ద్రావిడ భాషలు, తర్వాతి రెండూ ఇండో ఆర్య భాషలు, రెండూ రెండు. ప్రాచీన భాష హోదా ప్రకారం చూస్తే తెలుగు, కన్నడ భాషలకు 2008లో, ఒడియాకు 2014లో ఆ హోదా దక్కింది. అందువల్ల కొన్నేళ్ల కిందటి ప్రశ్ననిధుల్లో ఇలాంటి ప్రశ్నకు జవాబు బెంగాలీ అవుతుంది. అయితే 2024 అక్టోబరు 3న కేంద్ర మంత్రివర్గం మరాఠీ, పాళీ, ప్రాకృతం, అస్సామీ భాషలతో పాటు బెంగాలీకి కూడా ఆ హోదా ఇచ్చింది. ఈ రోజు అదే ప్రశ్నకు ఆ సూత్రం ప్రకారం జవాబే లేదు. కోఠిలో సెకండ్ హ్యాండ్ పుస్తకాలు కొనుక్కునేవారు, ఎవరో వాడి వదిలేసిన మెటీరియల్ జిరాక్స్ తీయించుకునేవారు వెనకనున్న ‘కీ’ని కంఠస్థం చేయకుండా, కారణం ఇప్పటికీ నిలుస్తుందా అని చూసుకోవాలి. 2006లో ప్లూటోను గ్రహాల జాబితా నుంచి తప్పించినప్పుడు కూడా అంతకు ముందరి ప్రశ్నలకు ఇదే గతి పట్టింది.

అయిదో దశ: రెండు సూత్రాలు పోటీపడినప్పుడు

మార్కులు నిజంగా పోయేది ఇక్కడే కనుక కొంచెం నిదానంగా చదవండి.

తిమింగలం, డాల్ఫిన్, సొరచేప, గబ్బిలం అన్న నాలుగింటిలో భిన్నమైనది ఏది? ‘ఈ మూడూ నీటిలో జీవిస్తాయి’ అన్న వాక్యం మొదటి మూడింటికి చక్కగా సరిపోతుంది, గబ్బిలానికి సరిపోదు. ‘ఈ మూడూ క్షీరదాలు’ అన్న వాక్యం తిమింగలం, డాల్ఫిన్, గబ్బిలాలకు సరిపోతుంది, చేప అయిన సొరచేపకు సరిపోదు. మూడో దశ, నాలుగో దశ రెండింటినీ రెండు సూత్రాలూ దాటాయి. ఏది ఎంచుకోవాలి?

దీనికి రెండు మార్గాలున్నాయి. మొదటిది ప్రాధాన్య క్రమం. ఆ వస్తువు స్వతహాగా ఏమిటి అన్నది అన్నిటికన్నా ముందు; దేనికి ఉపయోగపడుతుంది అన్నది తర్వాత; ఎక్కడ ఉంటుంది, ఏ స్థితిలో ఉంటుంది అన్నది ఆ తర్వాత; ఎలా కనిపిస్తుంది అన్నది ఇంకా తర్వాత; ఆ పదాన్ని ఎలా రాస్తారు అన్నది అన్నిటికన్నా చివర. క్షీరదం కావడం జీవి స్వభావం, నీటిలో ఉండడం నివాసం. స్వభావమే ముందు కనుక జవాబు సొరచేప.

రెండోది, ప్రశ్న తయారుచేసినవారి స్థానంలో కూర్చుని ఆలోచించడం. నీటిలో ఉండని జంతువును ఒకదాన్ని పెట్టడమే వారి ఉద్దేశమైతే ఆవునో మేకనో పెట్టేవారు. పని గట్టుకుని గబ్బిలాన్ని ఎందుకు తెచ్చారు? తిమింగలం, డాల్ఫిన్ చేపలనుకుని, గబ్బిలం పక్షి అనుకుని పొరబడేవారు చాలామంది ఉంటారు కనుక, పొరబాటుకు ఆస్కారమున్న మూడు క్షీరదాలను ఏరి ఒకచోట చేర్చారు. ఏ పదమైతే ‘ఇది ఇక్కడికెందుకు వచ్చింది’ అనిపిస్తుందో, ఆ పదమే తరచుగా సూత్రాన్ని పట్టిస్తుంది. ప్రాధాన్య క్రమం కంటే ఈ రెండో మార్గమే నాకు నమ్మదగినదిగా తోస్తుంది, ఎందుకంటే ప్రశ్నలో యాదృచ్ఛికంగా వచ్చే పదాలు అరుదు.

ఇదే పద్ధతిని ఇంకో ప్రశ్న మీద ప్రయోగించండి: ఇనుము, రాగి, పాదరసం, ఇత్తడి. గది ఉష్ణోగ్రత వద్ద ద్రవంగా ఉండేది పాదరసం ఒక్కటే. మూలకం కానిది, అంటే రాగి, జింకులను కలిపి చేసిన మిశ్రమలోహం, ఇత్తడి ఒక్కటే. ద్రవంగా ఉండడం స్థితి. మూలకమా, మిశ్రమలోహమా అన్నది స్వభావం. అందువల్ల ఇత్తడి వైపే మొగ్గాలి. నిజానికి ఇలాంటి ప్రశ్న పరీక్షలో ఇవ్వదగినది కాదు. ఇత్తడి బదులు వెండి ఉంటే పాదరసం, పాదరసం బదులు వెండి ఉంటే ఇత్తడి నిర్వివాదంగా జవాబయ్యేవి. అయినా ఇలాంటివి వస్తూనే ఉంటాయి.

వంటింటి దినుసుల మీద వచ్చే ప్రశ్నలకు కూడా ఇదే సూత్రం. బంగాళాదుంప, అల్లం, పసుపు, చిలగడదుంప అంటే, పేరును బట్టి దుంపలు రెండు, వాడకాన్ని బట్టి మసాలా దినుసులు రెండు. ఇవి రెండూ రెండుగానే చీలుతున్నాయి. నాలుగూ భూమిలోనే పెరుగుతాయి గానీ మొదటి మూడూ వృక్షశాస్త్రం ప్రకారం రూపాంతరం చెందిన కాండాలు, చిలగడదుంప మాత్రం వేరు. సాలీడు, చీమ, దోమ, ఈగలలో సాలీడుకు ఎనిమిది కాళ్లు. అది కీటకం కాదు. ఇలాంటివి ఆలోచిస్తే వచ్చేవి కావు, చదివితేనే వస్తాయి. అందుకే ఆరు నుంచి పదో తరగతి వరకు రాష్ట్ర ప్రభుత్వ సైన్సు పాఠ్యపుస్తకాల్లో వర్గీకరణకు సంబంధించిన పాఠాలను ప్రత్యేకంగా చదువుకోవాలని చెబుతాను. జంతువుల విభాగాలు, కాండం, వేరు, ఆకుల రూపాంతరాలు, మూలకాలు, మిశ్రమలోహాలు, ప్రమాణాలు, గ్రహాలు, ఉపగ్రహాలు, తూర్పుకూ పడమరకూ పారే నదులు అన్నవి ఇందులో ఎక్కువగా పనికివస్తాయి. గోదావరి, కృష్ణా, పెన్నా, తపతి అని ఇస్తే తపతి ఒక్కటే పడమరకు పారి అరేబియా సముద్రంలో కలుస్తుందన్న సంగతి తెలిసి ఉండాలి.

ఒక మాట: గ్రహాల విషయంలో మన పంచాంగం ఒక లెక్క, ఖగోళశాస్త్రం మరొక లెక్క. నవగ్రహాల్లో సూర్యచంద్రులు ఉన్నారు గానీ, బుధుడు, శుక్రుడు, అంగారకుడు, చంద్రుడు అన్న ప్రశ్నకు పరీక్షలో జవాబు చంద్రుడే.

కొన్ని ప్రశ్నల్లో రెండు మూడు సూత్రాలు ఒకే పదాన్ని చూపిస్తాయి. చార్మినార్, గోల్కొండ, మక్కా మసీదు, వేయిస్తంభాల గుడి అన్నవాటిలో ఊరిని బట్టి చూసినా, రాజవంశాన్ని బట్టి చూసినా వేయిస్తంభాల గుడే మిగులుతుంది. అక్కడ ఇంకేమీ ఆలోచించకుండా ముందుకు సాగాలి.

ఆరో దశ: తెలియని పదాన్ని చూసి తొందరపడకండి

కూచిపూడి, ఒడిస్సీ, సత్రియ, గర్బా. తెలుగువారిలో ఎక్కువమందికి ‘సత్రియ’ కొత్తగా ఉంటుంది. కొత్తగా ఉన్నది భిన్నమైనదేనని మనసు చెబుతుంది. కానీ పదం మనకు తెలియకపోవడం ఆ పదానికున్న లక్షణం కాదు. తెలిసిన మూడింటితో మొదలుపెట్టండి. కూచిపూడి, ఒడిస్సీ శాస్త్రీయ నృత్యాలు, గర్బా గుజరాత్ జానపద నృత్యం. తెలిసిన మూడింటిలోనే రెండూ ఒకటీగా చీలిక వచ్చింది కనుక, నాలుగోది ఆ రెండింటి వైపు ఉండక తప్పదు. లేకపోతే ప్రశ్నే నిలవదు. సత్రియ అస్సాంకు చెందిన శాస్త్రీయ నృత్యమని తెలియకుండానే జవాబు గర్బా అని తేల్చవచ్చు. తెలిసిన మూడూ ఒకే వర్గానికి చెందినప్పుడు మాత్రమే తెలియని పదాన్ని గుర్తించాలి. ఈ చిన్న తర్కం ఒక్కటి వంటబడితే, సాధారణ జ్ఞానం తక్కువగా ఉన్నవారు కూడా చాలా ప్రశ్నలను గట్టెక్కించవచ్చు.

ఏడో దశ: అర్థంలో ఏమీ దొరకనప్పుడు అక్షరాలను చూడండి

నటన, మడమ, జలజ, కలప. అర్థాలను బట్టి వీటిని కలపడం ఎవరి తరమూ కాదు. అసలు అలా కలవకపోవడమే ఇక్కడి సూచన. మొదటి మూడింటిని ఎటు నుంచి చదివినా ఒకేలా ఉంటాయి, ‘కలప’ ఉండదు. నాలుగు పదాల అర్థాలూ నాలుగు దిక్కుల్లో ఉన్నాయని తెలియగానే, పది సెకన్ల లోపే అక్షరాల మీదికి దృష్టి మళ్లించాలి. అక్షరాల సంఖ్య, మొదటి చివరి అక్షరాలు, ఒత్తులు, ద్విత్వాలు, ఏకవచన బహువచనాలు, ఈ వరుసలో చూసుకుంటూ పోవచ్చు.

పర్యాయపదాల ప్రశ్నల్లో ఒక్క అక్షరమే జవాబును మార్చేస్తుంది. సాగరం, కడలి, జలధి, జలదం అన్నప్పుడు మొదటి మూడూ సముద్రానికి పేర్లు, జలదం మేఘం. హడావుడిగా చదివేవారికి చివరి రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. భానుడు, రవి, ఆదిత్యుడు, శశి లాంటివి తేలిక.

ప్రశ్నపత్రం రెండు భాషల్లో ఉంటే, తెలుగు పాఠంలో ఏ సూత్రమూ దొరకనప్పుడు పక్కనున్న ఇంగ్లీషు పాఠాన్ని కూడా ఒకసారి చూడండి. ఇంగ్లీషు స్పెల్లింగుల మీద ఆధారపడిన ప్రశ్న తెలుగులోకి వచ్చేసరికి ప్రాణం కోల్పోతుంది. రెండు పాఠాలకు తేడా వస్తే ఏది ప్రామాణికమో నోటిఫికేషన్‌లోనో ప్రశ్నపత్రం మీది సూచనల్లోనో రాసి ఉంటుంది. దాన్ని ముందే చదివి పెట్టుకోవాలి.

ఎనిమిదో దశ: జతలిచ్చినప్పుడు సంబంధానికి పేరు పెట్టండి

జతల ప్రశ్నలో పదాలను విడివిడిగా చూస్తే దారి తప్పుతారు. ‘కుంచె : చిత్రకారుడు, నాగలి : రైతు, ఉలి : శిల్పి, కవిత : కవి’ అన్నవి చూడండి. నాలుగింటిలోనూ రెండో పదం మనిషిని సూచిస్తుంది కనుక అటు వైపు చూడనక్కరలేదు. మొదటి పదానికీ రెండో పదానికీ మధ్య ఒక క్రియను పెట్టి చదవండి: కుంచెతో చిత్రకారుడు పనిచేస్తాడు, నాగలితో రైతు పనిచేస్తాడు, ఉలితో శిల్పి పనిచేస్తాడు, కవితతో కవి పనిచేయడు, కవితను సృష్టిస్తాడు. మొదటి మూడూ పనిముట్లు, చివరిది పనికి ఫలితం.

‘చిరుగాలి : పెనుగాలి, చిరునవ్వు : అట్టహాసం, చినుకులు : కుండపోత, చలి : వణుకు’ అన్నవాటిలో మొదటి మూడు జతల్లో ఒకే విషయపు తీవ్రత పెరుగుతుంది; చివరి జతలో మొదటిది కారణం, రెండోది ఫలితం. పదాల వరుస తారుమారు కావడం కూడా ఒక ఎత్తుగడే. మూడు జతల్లో పనిముట్టు ముందుండి, ఒక దానిలో మనిషి ముందుంటే, సంబంధం ఒకటే అయినా ఆ వరుసే జవాబవుతుంది. అయితే అంతకంటే బలమైన తేడా ఇంకో జతలో లేదని నిర్ధారించుకున్న తర్వాతే వరుసను లెక్కలోకి తీసుకోవాలి.

సందేహంలో ఊహించవచ్చా?

లెక్క వేసి చూడండి. ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ టైర్-1లో సరైన జవాబుకు 2 మార్కులు, తప్పుకు 0.50 కోత. రెండు ఐచ్ఛికాలను తొలగించి మిగిలిన రెండింటిలో ఒకటి గుర్తిస్తే సగటున 0.75 మార్కు లాభమే. ఎన్టీపీసీలో సరైన జవాబుకు ఒక మార్కు, తప్పుకు అందులో మూడో వంతు కోత. ఏమీ తెలియకుండా నాలుగింటిలో ఒకటి గుర్తిస్తే సగటు లాభం సున్నా, రెండింటికి కుదించి గుర్తిస్తే మూడో వంతు మార్కు లాభం. వర్గీకరణలో ఒక్క ఐచ్ఛికాన్ని కూడా తొలగించలేని పరిస్థితి దాదాపు రాదు కనుక, ఈ రెండు పరీక్షల్లోనూ ఈ ప్రశ్నలను ఖాళీగా వదిలి రావడం నాకు సమ్మతం కాదు. కాకపోతే అరనిమిషం దాటితే గుర్తు పెట్టుకుని వదిలేసి, చివర్లో తిరిగి రావాలి.

అభ్యాసం: ప్రశ్నలు మీరే తయారుచేయండి

వంద ప్రశ్నలు సాధించడం కంటే పది ప్రశ్నలు సొంతంగా తయారుచేయడం ఎక్కువ నేర్పుతుంది. ఎందుకో ఒక ఉదాహరణతో చూపిస్తాను. హైదరాబాద్ మెట్రోలో వెళుతూ ఒక అభ్యర్థి ఇలా అనుకున్నారనుకోండి: అమీర్‌పేట, ఎంజీబీఎస్, పరేడ్ గ్రౌండ్స్ అన్న మూడూ ఒక లైను నుంచి మరో లైనుకు మారే స్టేషన్లు, వీటి పక్కన దిల్‌సుఖ్‌నగర్ పెడితే మంచి ప్రశ్న అవుతుంది. చూడడానికి బాగానే ఉంది. కానీ అమీర్‌పేట, ఎంజీబీఎస్, దిల్‌సుఖ్‌నగర్ మూడూ మియాపూర్–ఎల్బీనగర్ రెడ్ లైను మీద ఉన్నాయి. ఆ సూత్రం ప్రకారం పరేడ్ గ్రౌండ్స్ భిన్నమవుతుంది. సరే, దిల్‌సుఖ్‌నగర్ తీసేసి ఉప్పల్ పెడదామంటే, అమీర్‌పేట, పరేడ్ గ్రౌండ్స్, ఉప్పల్ మూడూ బ్లూ లైనువి, ఎంజీబీఎస్ విడిపోతుంది. నారాయణగూడ పెడితే గ్రీన్ లైను సూత్రం వచ్చి అమీర్‌పేటను బయటికి నెడుతుంది. ఒక్కో లైను మీద రెండేసి మారే స్టేషన్లు ఉన్నాయి కనుక, మూడు లైన్లలో ఏ స్టేషన్‌ను నాలుగోదిగా తెచ్చినా రెండో సూత్రం పుట్టుకొస్తుంది. మెట్రో స్టేషనే లేని మెహిదీపట్నం పెడితే తప్ప ఆ ప్రశ్న నిలవదు. ఇలా ఒక్క ప్రశ్నతో కుస్తీ పడితే, పోటీ సూత్రాలు ఎక్కడి నుంచి వస్తాయో స్వయంగా తెలుస్తుంది.

తప్పయిన ప్రశ్నలకు ఒక నోటుబుక్కు పెట్టుకుని, ప్రతి ప్రశ్న కింద తాము అనుకున్న సూత్రాన్నీ, అసలు సూత్రాన్నీ రెండు వాక్యాలుగా రాసుకోవాలి. విషయం తెలియక తప్పయిందా, తెలిసీ పైపై పోలికకు లొంగిపోయి తప్పయిందా అన్నది పక్కన గుర్తు పెట్టుకోవాలి. మొదటి రకానికి మందు పాఠ్యపుస్తకం. రెండో రకానికి మూడో దశ, నాలుగో దశల సాధన. ఇద్దరు ముగ్గురు కలిసి చదువుకునేవారైతే, జవాబు చెప్పకుండా సూత్రవాక్యాన్ని మాత్రమే పైకి చెప్పి, మిగిలినవారు దాన్ని కూల్చడానికి ప్రయత్నించే పద్ధతి బాగా పనిచేస్తుంది.

పరీక్ష ముగిసి ప్రాథమిక కీ వెలువడ్డాక, నిజంగానే రెండు జవాబులకు ఆస్కారమున్న ప్రశ్న ఎదురైతే గడువు లోపు అభ్యంతరం పంపవచ్చు. అప్పుడు ‘నా జవాబు కూడా సరైనదే’ అని రాస్తే ప్రయోజనం ఉండదు. కీలో ఇచ్చిన జవాబుకు ఆధారమైన సూత్రం ఏమిటో ఒక వాక్యంలో, మీ జవాబుకు ఆధారమైన సూత్రం ఏమిటో మరో వాక్యంలో రాసి, రెండోది కూడా సరిగ్గా మూడు పదాలకే వర్తిస్తుందని చూపించి, దానికి ఆధారంగా ప్రభుత్వ పాఠ్యపుస్తకంలోని పేజీని జతచేయండి. అభ్యంతరానికి రుసుము తీసుకునే సంస్థలు కూడా ఉన్నాయి కనుక, సూత్రాన్ని ఇలా కాగితం మీద పెట్టగలిగిన ప్రశ్నలకు మాత్రమే పంపండి.